లిఫ్టుకు సాక్షి

పాత ఆఫీసు భవనం, కింది అంతస్తు. లిఫ్టు నడిపే మనిషి, భవనం ఊడ్చే అతని భార్య.

"చీపురు పక్కన పెట్టి విను. ఇంజనీరు వచ్చి ఏమడుగుతాడు?"

"లిఫ్టు ఎలా ఉందని."

"ఏం చెప్తావ్?"

"బాగుందని."

"అంతేనా? ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదని చెప్పు. ఎన్నోసార్లు ఎక్కానని చెప్పు."

"ఎక్కలేదుగా."

"ఎక్కానని చెప్పవే. అద్దెకున్నవాళ్లంతా ఖాళీ చేసి పోయారు. అడగడానికి నువ్వే మిగిలావ్."

"గోడలన్నీ పగలగొట్టి బిజినెస్ సెంటరంటున్నారు. వెనక అద్దాల లిఫ్టులు పెడతారంట. ఇంకా ఇదెందుకు?"

"వచ్చేవాళ్లు చూడ్డానికి. ఈ కటకటాల తలుపు, ఇత్తడి పిడి, పక్కన కొత్త యూనిఫాంలో నేను. ప్రమాదం లేదని తేలితే ఉంచుతారు. లేదంటే రేపే పీకేస్తారు. దాంతోపాటు నన్నూ."

"ఏనుగు చచ్చినా వెయ్యే. పాత ఇనుముకి మంచి ధరుంది."

"నాకేం ధరుందే? ఈ వయసులో ఎవడు పెట్టుకుంటాడు? మెట్ల కింద గదీ పోతుంది. వీధిలో పడేది నేనొక్కణ్ణే కాదు, గుర్తుపెట్టుకో."

"పడదాంలే."

"ఏంటా మాట?"

"ఏం లేదు. పిడి మీద మరకుంది, తుడుచుకో."

"తుడుస్తా. నువ్వు మాత్రం ఆ పాత సంగతి ఎత్తకు."

"ఏ సంగతి?"

"తెలీనట్టు అడక్కు."

"నిండు నెలలతో రెండు బకెట్లు పట్టుకుని ఈ తలుపు ముందు నిలబడ్డానే, అదా?"

"ఊడ్చేవాళ్లు మెట్లెక్కాలని రూలు. పెళ్లామని ఎక్కించుకుంటే నా ఉద్యోగం ఉండేదా?"

"లోపల ఎవరూ లేరు."

"లేకపోతే? రూలు రూలే."

"బతిమాలాను. ఇక్కడ నేను నీ మొగుణ్ణి కాదు, ఆపరేటర్ గారూ అని పిలవమన్నావ్. పిలిచాను. తలుపేసుకుని ఖాళీగా పైకి పోయావ్."

"మూడో అంతస్తు మెట్ల మీద పడతావని కలగన్నానా?"

"దిగేటప్పుడు నేను పడుండటం చూశావ్. కటకటాల్లోంచి మెట్లు కనపడతాయి."

"అప్పుడు కింద మేనేజరు గంట కొడుతున్నాడే..."

"ఆ. కొడుతున్నాడు. నేను పడ్డ మెట్ల మలుపులో ఇప్పుడు కాఫీ మిషన్ పెడతారంట."

"పోయిన బిడ్డ రాదు. ఉన్న కూడు చెడగొట్టకు. అదిగో, ఇంజనీరు వస్తున్నాడు. నమస్కారం సార్. మా ఆవిడ సార్. నాతోపాటే ఇక్కడ పనిలో చేరింది."

"నమస్తే అమ్మా. ఈ లిఫ్టు ఎప్పుడైనా ఎక్కారా? మధ్యలో ఆగడం లాంటిది ఏమైనా జరిగిందా?"

"చెప్పవే, సార్ అడుగుతున్నారు."

"ఒక్కసారే ఎక్కానండి. నిండు నెలలప్పుడు. మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. బిడ్డ అందులోనే పోయింది."

"అయ్యో. ఏమయ్యా, నిన్న ఒక్కసారి కూడా ఆగలేదన్నావ్?"

"అబద్ధం సార్. ఆ రోజు అసలు ఇది లిఫ్టులో... ఇది లిఫ్టు..."

"లిఫ్టులో లేదా? మరెక్కడుంది?"

"మీరే చెప్పండి, ఆపరేటర్ గారూ. ఆ రోజు నేనెక్కడున్నానో."