ఇవాళ ఎవరు తిట్టలేదు?

సభకు అధ్యక్షత వహించిన మా సూపరింటెండెంటుగారికి, వేదిక మీది పెద్దలకు, డ్యూటీ దిగి ఇంటికెళ్లకుండా ఇక్కడ కూర్చుని ఆవలింతలు మింగుతున్న మా వార్డు సిబ్బందికి నమస్కారం. సన్మానమంటూ మీరు కప్పిన ఈ ఉన్ని దుప్పటి వెచ్చగా ఉంది, ఇందులోనే కాసేపు పడుకోమంటే పడుకుంటాను. (నవ్వులు)

ఇందాక నన్ను గుండెల్ని గెలిచిన వైద్యుడన్నారు. అంత లేదండీ. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి నలిగిన ముసలివాళ్లకి ఏ కాలి పుండు నుంచో, మూత్రం గొట్టం నుంచో క్రిములు రక్తంలోకి చేరతాయి. బీపీ పడిపోతుంది, అసలే అలిసిన గుండె పరుగందుకుంటుంది, చివరికి దాని కండరమే నీరసించి లయ తప్పుతుంది. ఇంట్లోవాళ్లు గుండెపోటనుకుని తీసుకొస్తారు, చూస్తే రక్తనాళాల్లో అడ్డేమీ ఉండదు. బతికించి పంపిస్తే కొన్నాళ్లకి ఆయాసంతో మళ్లీ వాళ్లే. "మళ్లీ వచ్చావా తాతా?" అంటే, "నువ్వు పోనిస్తేగా!" అన్నాడొకాయన. నవ్వాను గానీ, ఆ పూట ముద్ద దిగలేదు.

ఈ వయసులో రక్తంలో ఇన్ఫెక్షనున్నా జ్వరం రాకపోవచ్చు. అందుకే మా వార్డులో రౌండ్స్‌కి వెళ్లగానే నర్సుని అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ ఎవరు తిట్టలేదు?" నిన్నటిదాకా కాఫీ చల్లారిందని, దుప్పటి గుచ్చుకుంటోందని మన ఏడు తరాల్నీ దులిపేసిన మనిషి పొద్దున్నే "అలాగే నాయనా" అన్నారంటే మా గుండెల్లో రాయి పడ్డట్టే. వెంటనే కాళ్లు చల్లబడ్డాయేమో పట్టుకు చూస్తాం, రక్తం పరీక్షకి పంపిస్తాం.

మా అక్క మీకందరికీ తెలుసు. అమ్మ పోయాక నన్ను పెంచింది. డయాలిసిస్‌కి వచ్చినప్పుడల్లా వార్డంతా వినేలా, "పెద్ద డాక్టరట, చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాదు!" అనేది. (నవ్వులు) మొన్న పొద్దున నన్ను చూసి, "వచ్చావా బాబూ, కూర్చో" అంది. బాబూ అంది! వెంటనే కాళ్లు పట్టుకు చూశాను, చల్లగా ఉన్నాయి.

రక్తంలో ఇన్ఫెక్షనే, డయాలిసిస్ గొట్టం నుంచి. గొట్టం తీసేశారు, మందులు ఎక్కుతున్నాయి. స్కానులో గుండె బొత్తిగా నీరసంగా కదులుతోంది. "కోలుకునే అవకాశం ఉంది సార్, చూద్దాం" అని నా శిష్యురాలు నిన్న నాకే చెప్పింది. ఆ మాట నేనే నేర్పాను. వినేవాడికి అందులో పట్టుకోవడానికేమీ ఉండదని నిన్న తెలిసింది.

ఈ సభ వాయిదా వేయమంటే అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. కోపం లేదండీ. కోపానికీ ఓపిక కావాలి.

క్షమించాలి, గుమ్మంలో మా హెడ్ నర్సు చెయ్యూపుతోంది. ఏంటమ్మా? గట్టిగా చెప్పు, అందరూ మనవాళ్లే. అక్కేమందీ? "నీళ్లడిగితే చెంచాతో పోస్తావేంటే, నేనేమన్నా పిచ్చుకనా?" అందా? నిన్ను తిట్టిందా? నన్నేమీ అనలేదా? (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లొద్దు, కూర్చోండి. ఆ గుండె తేరుకోవాలంటే నెలలు పట్టొచ్చు, తేరుకోకపోనూవచ్చు. నాకు తెలుసు. అయినా... ఒక్క నిమిషం, కళ్లజోడు తుడుచుకోనివ్వండి.

ఇన్నేళ్లూ నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ దుప్పటి అక్క కాళ్ల మీద కప్పుతాను. నా వంతు తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, వెళ్లి తినాలి. సెలవు.