నునుపు వైపు

సరిహద్దు గోడకు సిమెంటు పూత ముగించి, మేస్త్రీ అతని బావమరిదీ ఇంటికి పోదామని తాపీలు కడుక్కున్న సాయంత్రం.

“సందేదిరా?”

“ఏ సందు, బావా?”

“పొద్దున మనం దూరి వచ్చిన సందు!”

“మూసేశారుగా. నువ్వేగా లోపలివాళ్ళని కేకేశావు, ‘మీరటు మూసెయ్యండి, నేనిటు పూసేస్తా’ అని.”

“పూసేశానా?”

“అద్దంలా పూశావు. ఎక్కడుండేదో కూడా తెలియట్లేదు.”

“తెలీదురా. నా పూతలో అతుకు ఎవడూ పట్టలేడు.”

“మురిసిపో. మనం పరాయి దేశంలో నిలబడి ఉన్నాం.”

“నోర్ముయ్. పదిమందీ చూసే వైపు నునుపుండాలి. అది మన పని పద్ధతి. అవతలివాళ్ళు చూసి కుళ్ళుకోవాలని నాయకుడుగారు కూడా అన్నారు.”

“ఇప్పుడు కుళ్ళుకునేది మనమే.”

“అబ్బాయ్! కాపలా అబ్బాయ్! ఉన్నావా అటు?”

“ఎవరది? ఏ దేశం?”

“మేస్త్రినిరా! పొద్దున నా సిగరెట్టు కాల్చావు, అప్పుడడిగావా ఏ దేశమని?”

“బాబాయా! అటెందుకు పోయావు? మెల్లగా మాట్లాడు, ఇక్కడ సభ జరుగుతోంది.”

“పోలేదు, ఉండిపోయాను. గేటు ఎటో చెప్పు.”

“గేటు లేదు. గేటు పెడితే అది గోడ ఎలా అవుతుందని మొన్న నాయకుడుగారు అనలేదా? నువ్వు చప్పట్లు కూడా కొట్టావు.”

“ఈల కూడా వేశాడు.”

“నువ్వుండరా!”

“చెప్తే విన్నావా బావా? లోకమంతా ఒకే కుటుంబమని ఆ సూటుబూటువాళ్ళు మొత్తుకుంటే...”

“కుటుంబమైతే గోడలుండవా? అన్నదమ్ముల మధ్య గోడలు కట్టే కదరా మీ అక్కని పోషించాను! ఆ సూటుబూటువాళ్ళు విమానం దిగారు, ఫొటో దిగారు, మళ్ళీ విమానమెక్కారు. ‘తిన్నావా’ అని ఒక్కడైనా అడిగాడా?”

“నాయకుడుగారు అడిగారా?”

“అడిగారు. మైకులో.”

“ఇటుకలు ఈ దేశానివి, సిమెంటు ఇంకో దేశానిది, ఆ మైకు మరో దేశానిది. గోడ మాత్రం మనది!”

“చేతులు మనవిరా, చేతులు!”

“ఆ చేతులే ఇటు మిగిలిపోయాయి.”

“అబ్బాయ్, వింటున్నావా? రేపు పొద్దున్నే మీ పిన్నికి కంటి ఆపరేషన్. నేను పక్కన లేకపోతే ఆవిడ బల్ల ఎక్కదు. ఇక్కడ పరంజా ఉంది, గోడ మీదికి మేమొస్తాం. అటు దిగడానికి నిచ్చెన వెయ్యి చాలు.”

“మీ కాగితాలేవి?”

“చొక్కాలో. చొక్కా మీవైపే మేకుకు వేలాడుతోంది.”

“కాగితాల్లేనివాణ్ణి రానిస్తే నా ఉద్యోగం ఊడుతుంది బాబాయ్.”

“నీ పెళ్ళికి మీ ఇంటికి సున్నం కొట్టిందెవడ్రా?”

“అది వేరు, ఇది దేశం... బాబాయ్, ఒక్క మాట. అక్కడెలా ఉంది?”

“ఎలా ఉంటుంది? మట్టి. మన మట్టిలాంటిదే.”

“దూరంగా దీపాలేమైనా...”

“ఉన్నాయి. ఏదో ఫ్యాక్టరీలా ఉంది.”

“పనిలోకి తీసుకుంటున్నారంటావా?”

“నాకేం తెలుసు! పిన్ని కన్ను గురించి నేను చెప్తుంటే...”

“ఊరికే అడిగాలే. అక్కడి మనుషులు? కొడతారా?”

“మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. మంచినీళ్ళిచ్చి, పూత బాగుందని పోయాడు.”

“మంచినీళ్ళా?”

“చల్లటివి.”

“...ఉండు బాబాయ్. నిచ్చెన తెస్తున్నా.”

“నా తండ్రే! నువ్వురా అసలైన దేశభక్తుడివి!”

“బావా, నిచ్చెన చప్పుడవుతోంది. పద, ఎక్కు.”

“ఎక్కుతున్నా, ఎక్కుతున్నా. అబ్బాయ్, కింద గట్టిగా పట్టుకో. పట్టుకున్నావా?... అదేమిట్రా, నీ తల పైనుంది?”

“జరుగు బాబాయ్, ముందు నన్ను దిగనియ్. గొంతు తగ్గించు, సభలోవాళ్ళకి తెలిసిందంటే ఈ ఒక్క నిచ్చెనా చాలదు.”