పక్కసీట్లో ఓనరు

పిల్లలు పుట్టాక, వాళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా లారీ ముట్టని ఆమె, ఉద్యోగం కోసం ఇవాళ మళ్ళీ స్టీరింగు పట్టుకుంది. ఎలా నడుపుతుందో చూద్దామని ఓనరే పక్కసీట్లో కూర్చున్నాడు.

"బయల్దేరే ముందు బాత్రూంకి వెళ్ళొచ్చారా సార్?"

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? పోనివ్వండి."

రోడ్డెక్కగానే కుక్క అడ్డమొచ్చింది. ఆమె బ్రేకు తొక్కుతూనే ఓనరు ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, నేను బెల్టు పెట్టుకున్నాను!"

"అలవాటు సార్. మీ చెయ్యి కిటికీలోంచి లోపలికి తీసుకోండి."

ఓనరు బుద్ధిగా తీసుకున్నాడు. ఇరుకు సందులో కూడా ఆమె లారీని ఎక్కడా తగలకుండా వెనక్కి తీసింది. అయినా ఆయన మొహం చిట్లించుకునే ఉన్నాడు.

"లారీ పక్కకి ఆపండమ్మా."

ఆమె ఆపకుండానే అడిగింది.

"ఉద్యోగం లేనట్టేనా సార్?"

"ఉద్యోగం ఇచ్చేశాను తల్లీ, ముందు ఆపండి! ఇందాక మీరు అడిగినప్పుడే వెళ్ళొచ్చుండాల్సింది."