అబ్బాయి మనవాడే

పరాయిదేశంలో, క్రాన్‌బర్న్ అనే ఊళ్ళో ఒక వంటిల్లు. ఉద్యోగం ఊడిన ద్వారకానాథ్ గారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. భార్య ఉదయలక్ష్మి డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా ఆయన్ని తరుగుతోంది.

"మళ్ళీ చెప్పండి. గుళ్ళో కలిశాడు. కాళ్ళకి దణ్ణం పెట్టాడు. తర్వాత?"

"తర్వాతేముంది, ప్రసాదం తిన్నాం."

"పులిహోరా?"

"పులిహోరే. ఎందుకూ?"

"ఎంత బావుంటే కారు ధారపోశారో తెలుసుకుందామని."

"ధారపోయడమేంటి లక్ష్మీ! జశ్వంత్ మన తెనాలి కుర్రాడు. మనకి కారు లోన్ ఇచ్చిన కంపెనీలోనే, రికవరీలో చేస్తాడు. 'అంకుల్, ఆ కంప్లయింట్ వెనక్కి తీసేసుకోండి, మీ ఫైల్ నేను చూసుకుంటా' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడనుకున్నావ్!"

"అసలా కంప్లయింట్ ఎందుకేశామో గుర్తుందా?"

"ఉందిలే."

"చెప్పండి, వింటాను."

"వాయిదాలు తగ్గించమంటే కుదరదన్నారని, లోన్ల గొడవలు విచారించే ఆఫీసులో వేశాం. అది విచారణలో ఉన్నన్నాళ్ళూ కంపెనీవాళ్ళు కారు ముట్టుకోకూడదు. ఇక్కడి రూలు."

"అబ్బో, పాఠం బాగానే వచ్చు. మరి కంప్లయింట్ తీసేస్తే?"

"ఈ ఉల్లిపాయలు చాలా, ఇంకోటి కొయ్యనా?"

"ఏమండీ!"

"ముట్టుకోవచ్చు. కానీ జశ్వంత్ ముట్టుకోడు. మనవాడు."

"మీ కాంట్రాక్టు పోయాక ఇంట్లోకొచ్చేది నా జీతమొక్కటే. తెల్లారకుండా డాండెనాంగ్‌లో ఏజ్డ్ కేర్ హోమ్‌కి చేరాలి నేను. ఆ టైముకి బస్సుందా? కారు పోతే నా షిఫ్టుందా? మీ మొహమాటం చూస్తే నాకు భయంగా ఉందండీ, నిజంగా."

"అయ్యో, భయమెందుకు? అంతమందిలో అంకుల్, అంకుల్ అంటుంటే 'లేదు' అని ఎలా అంటాం?"

"నాతో అంటారుగా, నోరు తెరిస్తే!"

"నువ్వు వేరు. ఈమెయిల్ పెట్టేశా, అతనికీ మెసేజ్ పెట్టేశా, అయిపోయింది. అవునూ, ఆ విచారణ ఆఫీసువాళ్ళు నీకేమైనా ఫోన్ చేశారా?"

"చేశారు, పొద్దున."

"ఏమన్నారు?"

"తర్వాత చెప్తాను. బెల్లు మోగుతోంది, చూడండి."

"లక్ష్మీ! జశ్వంతే! చూశావా, ఇంటికే వచ్చాడు!"

"వెనకాల ఆ ట్రక్కేంటి?"

"నమస్తే ఆంటీ. సారీ అంకుల్. బయటి ఏజెంట్‌ని పంపితే వీధిలో మీ పరువు పోతుందని నేనే వచ్చా. గరాజ్ తలుపు తెరిచి, ఇక్కడో సంతకం పెట్టి, తాళాలిచ్చేస్తే..."

"అదేంటి నాయనా, ఫైల్ చూసుకుంటానన్నావు?"

"చూసుకున్నాను అంకుల్. అందుకే ఇంత తొందరగా అయింది. మీ ఒప్పుకోలు లేకుండా గరాజ్‌లో అడుగుపెట్టకూడదు మేము. పెన్ను ఇదిగో."

"ఊఁ... అంటే... సరే, ఇంటిదాకా వచ్చావు. లక్ష్మీ, అబ్బాయికి కాస్త కాఫీ పెట్టు. సంతకం ఎక్కడ, ఇక్కడేనా?"

"ఆ పెన్ను కింద పెట్టండి. జశ్వంత్, కూర్చో బాబూ. మీ అంకుల్ మెసేజ్ చూసి ట్రక్కు తెచ్చావా, కాగితమేమైనా చూశావా?"

"అంకుల్ మాటే కదా ఆంటీ..."

"అంకుల్ మాటే. లోను మా ఇద్దరిదీ, కంప్లయింట్ వేసింది మాత్రం నేను. మీ ఆయన ఈమెయిల్ చెల్లదు, మీరు తీసేసుకుంటారా అని విచారణ ఆఫీసువాళ్ళు పొద్దున నన్నడిగారు. ఛస్తే తీయనన్నాను. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. నువ్వు ట్రక్కేసుకుని వచ్చావని వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను, ఈలోగా కాఫీ తాగు. మొహమాటపడకు, పంచదార ఎంత?"