చెదిరే దృష్టికి దారి చూపిన పెద్దక్క

1991 జూన్ మూడవ తేదీన అంబులెన్సు నియంత్రణ గదిలో కాల్ ఆపరేటరుగా విధుల్లో చేరి, నేడు శిక్షణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న పెద్దక్కగారిని అభినందించడం సహోద్యోగులందరికీ గర్వకారణం. నేడు అందరికీ పెద్దక్క అయిన ఆమెను తొలినాళ్లలో మాత్రం ‘గాలివాన’ అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మూడు ఫోన్లు ఒక్కసారే మోగుతున్నా, అవతల ఓ తల్లి గుండెలవిసేలా ఏడుస్తున్నా ఆమె గొంతు తొణికేది కాదు. బిడ్డకు ఊపిరి ఎలా అందించాలో చెబుతూనే, గాలివాన వేగంతో వాహనాన్ని దగ్గరి దారికి మళ్లించేవారు. ఆపద గడిచాక రాయవలసిన నివేదిక మాత్రం వారాల తరబడి సగంలో నిలిచిపోయేది. అధికారులు దాన్ని నిర్లక్ష్యమన్నారు. ఆమె కూడా లోలోపల అదే నమ్మారు.

పదిహేనేళ్ల సర్వీసు నిండాక ఒక మధ్యాహ్నం, బ్రేకులు చెడి మరమ్మతుకు వెళ్లిన అంబులెన్సు సంగతి తరువాతి షిఫ్టుకు చెప్పడం ఆమె మరిచారు. అది సిద్ధంగా ఉందని వాళ్లు నమ్మడంతో, గుండెనొప్పితో విలవిలలాడుతున్న ఓ వృద్ధుని ఇంటికి వేరే వాహనం బాగా ఆలస్యంగా చేరింది. ఆయన బతికారు గాని, విచారణ మొదలైంది. రాజీనామాకు సిద్ధపడిన ఆమెను, మానసిక వైద్య విభాగంలో నర్సుగా ఉన్న ఆడపడుచు ఆపింది.

“రాజీనామాకేం తొందర వదినా? ముందు మా డాక్టరమ్మని కలువు.”

“నాకేమన్నా పిచ్చా?”

“పిచ్చీ కాదు, బద్ధకమూ కాదు. ఏంటో తేల్చుకుందాం రా.”

డాక్టరుగారు ఆమె బాల్యం గురించి తల్లిగారిని కూడా అడిగి, నిద్ర, థైరాయిడ్, దిగులు వంటి ఇతర కారణాలను పరిశీలించి, చివరకు దృష్టిని ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు.

“అది పిల్లలకొచ్చేది కదండీ?”

“ఆ పిల్లలే పెద్దవుతారమ్మా. మీకు అప్పుడెవరూ చూడలేదు, అంతే.”

రక్తపోటు, గుండె పరీక్షించి తక్కువ మోతాదులో మందు ఆరంభించారు. దాంతో ఆకలి, నిద్ర రెండూ పోయాయి. ఆమె సొంతంగా మానేయకుండా మళ్లీ వైద్యుల వద్దకే వెళ్లి, వేరే మందుకు మారారు. మందు దృష్టిని నిలబెట్టింది. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం, రాసేటప్పుడు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోవడం మనస్తత్వ నిపుణురాలి వద్ద నెలల సాధనతో అలవడ్డాయి. అలారం పెట్టుకోవడమూ అక్కడే నేర్చారు. ఒకనాడు మాత్రల వేళకు ఇల్లంతా ఫోను కోసం వెతుకుతుంటే ఆడపడుచు కేకేసింది: “వదినా, ఫ్రిజ్ మోగుతోంది!” తన మతిమరుపుకు ఆమె కడుపుబ్బ నవ్వుకోవడం అదే మొదటిసారట.

విచారణలో ఆమె తలవంచలేదు. “తప్పు నాదే, శిక్ష వేయండి. కానీ షిఫ్టు అప్పగింత నోటిమాటగా వద్దు. వాహనాల స్థితి బోర్డు మీద రాసి, దిగేవారు, ఎక్కేవారు ఇద్దరం దాని ముందు నిలబడి చదువుదాం. నివేదికలు రాయడానికి ఫోన్లు లేని గది ఇప్పించండి” అన్నారు. ఇంక్రిమెంటు ఆగింది, గది దొరికింది, బోర్డు పద్ధతి కాలక్రమంలో అందరికీ నియమమైంది.

శిక్షణ విభాగానికి మారాక, ఇదే ఇబ్బంది ఉన్న సిబ్బందికి, వారి కుటుంబాలకు శనివారం సమావేశాలు ప్రారంభించారు. ఉద్యోగం ఊడే స్థితిలో వచ్చిన ఓ డ్రైవరు, “అక్కా, మాత్ర వేసుకుంటే మనిషినే మారిపోతానా?” అని భయపడితే, “నువ్వు నువ్వుగానే ఉంటావు. తాళాలు దొరుకుతాయి, అంతే” అన్నారు. తీరా అతని గుండెకు ఆ మందు సరిపడలేదు. పెద్దక్కగారు వదల్లేదు, డాక్టరుగారు సూచించిన మరో మందుతో, వారం వారం శిక్షణతో అతను నిలదొక్కుకునే దాకా వెంట నడిచారు. నేటికీ అతను స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

వచ్చే శనివారం నుంచి ఆ సమావేశాలను ఊరందరికీ తెరుస్తారట. విశ్రాంతి తీసుకోమన్న భర్తగారితో, “నన్ను కూర్చోబెడితే జబ్బుపడతానండీ” అన్నారట. ఆమె సంకల్పానికి అలుపు, ఒంటికి అనారోగ్యం, కంటికి నిద్రలేమి ఎన్నడూ కలగకూడదని, ఇంకా ఎందరో ఆమె తలుపు తట్టి తేలికపడిన మనసుతో తిరిగి వెళ్లేటంతటి దీర్ఘాయుష్షు ఆమెకు లభించాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.