ఆసుపత్రికి దగ్గరి దారి మాదే

"ఒక్కటి చెప్పండి. ఊళ్ళో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే, ఎటు వెళ్ళాలో వాటికి చెప్పేది ఎవరు?"

టీ కొట్టు మామ పాలు తిప్పుతూ, "నువ్వే అంటావు," అన్నాడు.

"నేనే, మామా. రూటర్ అనే పెట్టెకి దారులు నేర్పే ఉద్యోగం నాది. ఇవాళ పొద్దున ఏం చేశానో తెలుసా? ఒకే ఒక్క లైను టైపు చేశాను: 'ఆసుపత్రికి దగ్గరి దారి మాదే'. చుట్టుపక్కల నెట్‌వర్కులన్నిటికీ చాటింపు వెళ్ళిపోయింది. వాటికి రుజువులక్కర్లేదు, గట్టిగా చెప్పినవాడి మాటే వేదం."

"నీకు తగ్గ చుట్టాలే," అన్నాడు బల్ల చివర కూర్చున్న లారీ డ్రైవరు.

"నవ్వు తమ్ముడూ, నవ్వు. ఆ తర్వాత ఏమైందో విను. ఆసుపత్రికి పోవాల్సిందంతా నా పెట్టెలోకి వచ్చి పడింది. అంతటితో ఆగిందా? పక్క ఊరిది వచ్చింది, పక్క దేశానిది వచ్చింది, గోడలో వైర్లు సొరకాయల్లా ఉబ్బాయి, నడిసముద్రంలో ఓడలు లంగరేసి కుడికా ఎడమకా అని నన్నే అడిగాయి. వలస కొంగలైతే మా మేడ చుట్టూ మూడు చుట్లు తిరిగి, నేను కిటికీలోంచి వేలు చూపించాకే కదిలాయి. మేఘాలు వరసలో నిలబడ్డాయి మామా, ముందు పెద్దవి, వెనక పిల్లవి."

"గొడుగు తెచ్చుకోవాల్సింది," అన్నాడు డ్రైవరు.

"ఇంత సరుకుంటే దొంగలు ఊరుకుంటారా? వెంటనే ఆ పెట్టెకి కాపలా పెట్టాను, ఎవరినీ లోపలికి రానివ్వద్దని. ఎంత గట్టి కాపలా అంటే, చీమ దూరలేదు, గాలి దూరలేదు, మా మేనేజరు దూరలేదు, చివరికి..." గ్లాసు పెదవి దాకా తెచ్చి దించేశాడు. "చివరికి నేనూ దూరలేకపోయాను."

ఇందాకటి నుంచీ పక్కన నిలబడి, ఏదో రావాలన్నట్టు మాటిమాటికీ ఫోను తెరను వేలితో లాగుతున్న నర్సు తలెత్తింది.

"ఆసుపత్రికి రావాల్సింది మీ పెట్టెలోకి వచ్చింది, సరే అన్నయ్యా. అక్కణ్ణుంచి ఎటు వెళ్ళింది?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మా ఆడపడుచు రక్త పరీక్ష రిపోర్టు పొద్దుననగా పంపామంటున్నారు ల్యాబువాళ్ళు. మాకు అందలేదు. అది చూడందే కత్తి పట్టుకోనన్నాడు డాక్టరు. ఆమె ఆపరేషను బల్ల మీదే ఉంది."

"ఎటూ వెళ్ళలేదు చెల్లెమ్మా. ఆసుపత్రికి మాకసలు దారే లేదు. వచ్చింది వచ్చినట్టు అక్కడే రాలిపోతోంది. ఓడలూ లేవు, కొంగలూ లేవు. ఆ లైను తీసేద్దామంటే నేను పెట్టిన కాపలా నన్నే రానివ్వడం లేదు. పెట్టె దగ్గరికి వెళ్ళి నేరుగా వైరు పెడితే ఐదు నిమిషాల పని. ఆ గది తాళం మేనేజరు దగ్గరుంది. అడగాలంటే చేసింది చెప్పాలి, చెబితే ఉద్యోగం పోతుంది. నాలుగు గంటలుగా ఇక్కడే టీ మీద టీ తాగుతున్నాను."

"మీ ఆఫీసు ఎదురు మేడేగా?" అంది నర్సు.

"మూడుసార్లు మెట్ల దాకా వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా తప్పు పక్కవాడి మీదకి నెట్టే కథ నోట్లో తయారైపోతోంది." అతను లేచాడు. "నన్ను ఒంటరిగా పంపకండి. మామా, పొయ్యి ఆర్పు. తమ్ముడూ, నా చెయ్యి పట్టుకో, వదలకు. అందరూ పైకి రండి. మేనేజరు ముందు ఒక్క కొంగ మాట ఎత్తానంటే నా నోరు మూసేసి, తప్పు వీడిదేనని మీరే చెప్పండి."