శవం వేషం

హలో… ఊఁ, ఫింటన్‌నే. ఈ ఇంట్లో ఇంకెవరెత్తుతారు… చెప్పక్కా.

— లేదు, అమ్మ లేదు. కేకుల బల్ల సర్దాలని హాలుకెళ్లింది… స్పీకర్లో పెట్టా, అందుకే అలా వినిపిస్తోంది. చేత్తో పట్టుకుంటే ఫోన్ నీతో మాట్లాడదు, కిందపడి కుక్కతో మాట్లాడుతుంది.

— ఎవరు చెప్పారు?… బ్రీడా అత్తా?… ఏమని?… 'పాపం, మన ఫింటన్ నాటకమంతా పాడుచేశాడు' అనా… పాపం అందా?… అంటుందిలే. ఆ పాపం తగిలించకుండా అత్త నోట్లోంచి నా పేరు రాదు.

— ఏడవట్లేదక్కా. ముక్కు దిబ్బడ… కాదు, దిబ్బడే. పెట్టె నిండా లిల్లీ పూలు సర్దారు. నాకు పడవు కదా అవి…

— ఏ పెట్టె అంటావేంటి. శవపెట్టె… అయ్యో. అమ్మ నీకేం చెప్పలేదా?

సరే, మొదట్నుంచీ చెబుతా. ఒకటే షరతు. నా మాట మధ్యలో అందుకో… అదిగో. అందుకోకు అనబోతుంటేనే అందుకున్నావు.

టూహీ టీచర్ లేదూ… ఆ, నీకు లెక్కలు చెప్పిన టూహీ టీచరే. రిటైరయ్యాక ఊళ్లో నాటకాలు వేయిస్తోంది కదా. ఆవిడ దగ్గరికెళ్లి నాకూ ఒక వేషం ఇమ్మన్నా… ఏమంటుంది? ముందు తల పక్కకి వంచింది. ఆ వంపు నీకు తెలుసుగా, కొత్త డాక్టర్లు నన్ను చూడగానే వంచుతారు చూడు. వంచి, 'ఫింటన్ బాబూ, నీకోసమే పుట్టినట్టు ఒక వేషం ఉందిరా. నడవక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. హాయిగా పడుకుంటే చాలు' అంది.

శవం.

— నవ్వు, నవ్వు… నీ నవ్వయ్యాక చెప్పు, నేను ఆగుతా.

— ఆ, చూశావా? నీకు తట్టింది, ఆవిడకి తట్టలేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాడికి కదలకుండా పడుకోవడం కంటే కష్టమైన పని ఇంకోటుందా? పరిగెత్తమను, పడుతూ లేస్తూ ఏదో ఒకటి చేస్తా. కదలకు అన్న మాట చెవిన పడిందో, ఒంట్లో కండలన్నీ మీటింగ్ పెట్టుకుంటాయి.

— ఎందుకొప్పుకున్నానా… ఇంకేమిస్తుందక్కా నాకు? పోయినేడాది టికెట్లు చింపించింది. అంతకుముందేడు తెర లాగే పని నీదే అని తాడు పక్కన కూర్చోబెట్టి, తాడు మాత్రం ఇంకొకరి చేతికిచ్చింది.

ఇంకోటి కూడా ఉంది… డెర్వ్లా తెలుసుగా, చిప్స్ షాపు వాళ్లమ్మాయి. తనే నా భార్య… నాటకంలో. గంతులేయకు. నేను చచ్చిపోయానని ప్రతి రిహార్సల్లోనూ నా మీద పడి ఏడవాలి… ఊఁ. అందుకూ ఒప్పుకున్నా… వేస్తుంది, నూనె వాసన వేస్తుంది. అయితే ఏం, మనిషిని బట్టి వేపుడు వాసన కూడా బాగుంటుంది.

— రిహార్సల్సా, వాటి సంగతి అడక్కు. ఒకరోజు మోకాలు దానంతటదే లేచి కూర్చుంది. ఒకరోజు డెర్వ్లా జుట్టు ముక్కులోకి పోయి, తను 'నన్నొదిలి వెళ్లిపోయావా' అని శోకం పెడుతుంటే సరిగ్గా అప్పుడే తుమ్మా. ఇంకోరోజు మాలకీ ధడాలుమని తలుపేశాడు… మన పోస్ట్‌మాన్ మాలకీయే, నాటకంలో నా చిన్ననాటి స్నేహితుడు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డా. నా చెయ్యి వెళ్లి కొవ్వొత్తికి తగిలింది. చిన్న మంటే.

— టీచర్ ఏం చేసిందా? మర్నాడు ఒక దిండు పట్టుకొచ్చింది… దిండే. పొడుగు దిండుకి పాత కోటు తొడిగి, టోపీ పెట్టి, పెట్టె పక్కన గోడకి ఆనించింది. 'ఊరికే, అవసరమొస్తేనే' అంది.

— కోపం కాదక్కా. దిండు బాగా చేస్తుంది, అదీ నా బాధ. అస్సలు కదలదు. దానికన్నా బాగా ఏం చెయ్యగలను?

బతిమాలుకున్నా. మొదటి ఆట నాకివ్వండి, అందులో కదిలితే రెండో ఆట నుంచి దిండునే పడుకోబెట్టండి అన్నా. సరే అంది.

ఇక చూడు, ఇంట్లో పెద్ద హడావుడి. ఒళ్లు వెచ్చగా ఉంటే కండలు వదులవుతాయని ఫిజియో చెప్పింది కదా. అమ్మ ఇంట్లో ఉన్న వేడినీళ్ల సంచులు చాలక పక్కింట్లోవి కూడా అడిగి తెచ్చి పెట్టెలో నా చుట్టూ సర్దింది. పెట్టె లోపల మెత్తగా, పట్టుబట్ట కుట్టి ఉంది. అంత మంచి పరుపు మనింట్లో లేదక్కా. ఎంత హాయిగా ఉందంటే…

— ఆ, నిద్రపోయా. ఇది మాత్రం కరెక్టుగా అందుకున్నావు.

— గురకా… కొంచెమే. డెర్వ్లా నా మీద పడి గుండెలు బాదుకుంటూ, చెవి దగ్గరకొచ్చి 'లేవరా… కాదు, లేవకు, గురక ఆపు' అని గిల్లింది. మెలకువొచ్చేసరికి మొహమంతా చెమట. ముందు వరసలో ఎవరో పెద్దాయన 'చచ్చినోడికి చెమటలేంటి' అని పైకే అన్నాడు. అయినా కదల్లేదు. వేలు కూడా కదల్లేదు. నా ఒళ్లు నేను చెప్పినట్టు వింటోందక్కా. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. చచ్చిపోయి ఉన్నాను కాబట్టి నవ్వడానికి లేదు.

అప్పుడు ఉరిమింది… నాటకంలోనే. రిహార్సల్స్‌లో సౌండ్ చూసే ఆయన నోటితో 'ఢాం' అని ఊరుకునేవాడు. నిన్న అసలు ఉరుము పెట్టాడు. స్పీకరేమో నా తలకాయ పక్కన.

— ఆ. లేచింది, చెయ్యి. పోయినవాడి పేరున తాగాలి కదా, మాలకీ గ్లాసెత్తి నా గురించి నాలుగు మంచి ముక్కలు చెబుతున్నాడా, ఆ గ్లాసు కాస్తా ఎగిరి ముందు వరసలో ఉన్న చర్చి ఫాదర్ ఒళ్లో పడింది… విస్కీ కాదులే, చల్లారిన టీ.

నవ్వొచ్చో లేదో ఎవరికీ తెలీదు. నా దగ్గర ఎప్పుడూ ఉండే తంటాయే కదా అది… వెనకనుంచి ఒకావిడ 'అయ్యో పాపం' అంది… అవును, అత్తే అయ్యుంటుంది. మాలకీకి డైలాగు పోయింది. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడట. నేను కళ్లు మూసుకునే ఉన్నా. అయినా గోడ దగ్గర ఆ దిండు నావైపే చూస్తున్నట్టుంది.

— ఊహు, లేచి వెళ్లిపోలేదు. ఎలా వెళ్తా, వీల్‌చైర్ తెర వెనక ఉంది… ఊహు, సారీ కూడా చెప్పలేదు… అక్కా. ఊహించడం ఆపి విను.

మాట్లాడా.

'మాలకీ… నా వాటా… నాకు పోయకుండా… నువ్వొక్కడివే తాగుతావా' అన్నా.

నేనొక వాక్యం అనాలంటే ఎంతసేపు పడుతుందో నీకు తెలుసుగా. 'మాలకీ' దగ్గరే ఒకసారి ఇరుక్కుపోయా. 'వాటా' దగ్గర నాలుక మడత పడింది, మళ్లీ మొదలెట్టా. కానీ అక్కా… ఎవరూ అందుకోలేదు. ఒక్కరు కూడా. షాపులో నేను 'పా' అనేలోపు పాలు, పాస్తా, పాలకూర అన్నీ తెచ్చి నా ముందు పెడతారు. అలాంటిది ఊరంతా చీకట్లో కూర్చుని, నా తర్వాతి మాట ఏంటా అని ఆగారు. నేనే… చివర్లో కావాలని ఇంకాస్త సాగదీశా.

— సాగదీశా, అబద్ధమెందుకు. నువ్వైనా సాగదీస్తావు.

…

అక్కా?… ఉన్నావా?… ఊఁ. నీకూ లిల్లీ పూలు పడనట్టున్నాయే.

— తర్వాతేముంది, హాలంతా విరగబడి నవ్వింది. మాలకీకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. 'బతికున్నన్నాళ్లూ నువ్వెప్పుడైనా నాకు పోశావటరా' అన్నాడు. డెర్వ్లా నా చెయ్యి పట్టుకుని పెట్టెలో పెట్టి, 'కాపురం చేసినన్నాళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడొచ్చిందా నీకు నోరు? పడుకో' అంది… కాదు, టీచర్ రాసింది కాదు. తనే అప్పటికప్పుడు కల్పించింది. చెయ్యి వెంటనే వదల్లేదు కూడా.

— ఫాదరా? కోటు తుడుచుకుంటూ అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే… అమ్మ మాత్రం నవ్వలేదు. చివరి వరసలో లేచి నిలబడి, 'మావాడు, మావాడే' అని పక్కవాళ్లకి చెబుతోందట. పుట్టినప్పట్నుంచీ నన్ను చూస్తున్నవాళ్లకి.

— టీచర్ ఆట అయ్యాక వచ్చింది. తిడుతుందనుకున్నా. పెట్టె అంచు మీద చతికిలబడి, 'రేపు కూడా సరిగ్గా ఇలాగే చెయ్యి' అంది. ఎలా చేస్తానక్కా? నా చెయ్యి నా చేతుల్లో ఉందా? అదే చెప్పా. 'టీచర్, ఈ చెయ్యి మీ మాటా వినదు, నా మాటా వినదు. దాని సంగతి వదిలేయండి. మాట మాత్రం నాది, అదివ్వండి' అన్నా… ఇచ్చింది. ఈసారి తల వంచలేదు. బడిలో నిన్ను చూసినట్టు చూసింది, కళ్లజోడు పైనుంచి.

— ఇవాళ శవానికి డైలాగులున్నాయి. ఒకటి కాదు, చాలా. తనకంటే శవానికే ఎక్కువ మాటలున్నాయని మాలకీ పొద్దుట్నుంచీ అలిగి కూర్చున్నాడు… దిండా? కోటు విప్పేశారు. పాపం, దానికి ఒక్క ఆట కూడా దక్కలేదు.

— చెప్పను. ఏం డైలాగులో వచ్చి విను. నువ్వున్న గాల్వే నుంచి ఎంతసేపు… టికెట్లు అయిపోయాయి, వెనకాల నిలబడు.

— భయమా… ఉందక్కా. నిన్నంటే అనుకోకుండా వచ్చేసింది. ఇవాళ కావాలని అనాలి. నవ్వకపోతే? మిగతావాళ్లైతే తెర వెనక్కి పారిపోతారు. నేను పెట్టెలో పడుకునుండాలి, చివరిదాకా…

ఊఁ.

ఊఁ… నవ్వకపోయినా ఆగి వింటారా… నిజంగానా?

సరే. అదే అనుకుంటా.

మాలకీ వ్యాన్ వచ్చింది, వాకిట్లో ఆపుతున్నాడు. నువ్వొస్తున్నట్టు అమ్మకి చెప్పకు… డెర్వ్లాకా? నువ్వేం చెప్పకు తల్లీ. తనతో నేనే మాట్లాడతా… పట్టనీ, ఎంతసేపైనా పట్టనీ. ఆగుతుంది. ఆగుతుందనే అనిపిస్తోంది.

ఉంటానక్కా. నేను చావడానికి టైమైంది.